జీవకణమునందలి గణనము

జర్మను సేనలు పారిస్ నగరమును ఆక్రమించుకొనియున్న 1940వ సంవత్సరమున, సోర్‌బాన్ విశ్వవిద్యాలయమునందు జాక్ మొనో అను యువశాస్త్రజ్ఞుడు బాక్టీరియాలకు రెండేసి చక్కెరలను ఒకే పాత్రయందు కలిపి ఆహారముగా నిచ్చి, వాని సంతతి ఎంత వేగముగా వృద్ధిపొందుచున్నదో కొలుచుచు గీతలు గీయుచుండెను. ఆ గీతలలో కొన్ని ఆయనకు విస్మయము గొలిపెను. గ్లూకోజ్‌తో లాక్టోజ్ వంటి మఱియొక చక్కెరను కలిపి పెట్టినప్పుడు, ఈ.కోలై బాక్టీరియాలు మొదట త్వరత్వరగా పెరిగి, నడుమ కొంతసేపు ఎదుగుదల మాని స్తంభించి, పిమ్మట మరల పెరుగసాగుచుండెను. గ్లూకోజ్ ఉన్నంతసేపు రెండవ చక్కెరను అవి ముట్టుట లేదు. అది తీరిన పిదపనే, కొంత విరామానంతరము, దానిని భుజింప నారంభించుచున్నవి. ఇది యేమని పాస్టర్ సంస్థలోని ఆంద్రే ల్వోఫ్‌ను అడుగగా, ఆహారమును బట్టి ఎంజైమ్‌లు మారుటకు సంబంధించిన విషయము కావచ్చునని ఆయన సూచించెను. ఆ సూచన చూపిన త్రోవనే మొనో తరువాతి రెండు దశాబ్దులును నడచెను.

రెండు మైక్రానుల పొడవు మాత్రమే కలిగి, మెదడుగాని నరముగాని లేని ఒక కణము, ఎదుటనున్న రెండు ఆహారములలో మేలైనదానిని ముందుగా ఎన్నుకొనుట, అది తీరినదని తెలిసికొనుట, రెండవదానికి కావలసిన పరికరములను అవసరమైనప్పుడే నిర్మించుకొనుట ఎట్లు సాధ్యమను ప్రశ్నయే ఈ అధ్యాయమునకు మూలము. కణమునందు జరుగుచున్నది నిజముగా గణనమే యనియు, ఆ గణనమును మనము చదువగలిగినంత మేరకే దానిని మనకు కావలసినట్లు తిరిగి వ్రాయగలుగుదుమనియు నా విశ్వాసము.

లాక్టోజ్‌ను ఛేదించుటకు ఈ.కోలైకి ఒక ప్రత్యేకమైన ఎంజైమ్ కావలయును. లాక్టోజ్ లేనప్పుడు ఒక్కొక్క కణమున ఆ ఎంజైమ్ అణువులు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే యుండును. లాక్టోజ్ లభించి గ్లూకోజ్ లేనప్పుడు అవి ఇంచుమించు వేయి రెట్లగును. ఈ మార్పును నడపునది యేది? 1944లో నార్మండీ యుద్ధరంగమున తీవ్రముగా గాయపడి, శస్త్రవైద్యుడు కావలెనను ఆశ వదలుకొన్న ఫ్రాన్స్వా జాకోబ్, యుద్ధానంతరము పాస్టర్ సంస్థయందు చేరి, బాక్టీరియాలలో దాగి బ్రదుకు వైరస్‌లను పరిశోధించుచుండెను. 1958 వేసవిలో ఒకనాడు పారిస్‌లో చలనచిత్రము చూచుచు కూర్చుండగా, తన వైరస్ కణములో నిద్రాణమై యుండి హఠాత్తుగా మేల్కొనుటకును, మొనో పరిశోధించు ఎంజైమ్ హఠాత్తుగా పుట్టుకొనివచ్చుటకును మూలమొక్కటే యని, రెండు తావులందును జన్యువును అణచియుంచు నిరోధకము ఒకటి యుండి తీరవలెనని ఆయనకు తోచెను. వారిరువురును కలిసి 1961లో ప్రకటించిన వ్యాసము జీవశాస్త్రమున ఒక నూతనయుగమును తెరచినది; 1965లో వారికిని ల్వోఫ్‌కును నోబెల్ బహుమానము లభించెను. మఱుసటి సంవత్సరమే హార్వర్డ్‌లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్-హిల్ అనువారు ఆ నిరోధకమును వేరుచేసి, అది యొక ప్రోటీన్ అని చూపిరి.

ఆ నిరోధకపు ప్రోటీన్లు కణమునకు సుమారు పది మాత్రమే యుండును. 46 లక్షల అక్షరముల డి.ఎన్.ఏ.లో తనకు నియతమైన తావును వెదకి పట్టుకొని, ఎంజైమ్ జన్యువునకు ముందు అడ్డముగా కూర్చుండుటయే దాని పని. లాక్టోజ్ కణములోనికి వచ్చినచో, దానినుండి పుట్టిన ఒక చక్కెర నిరోధకమునకు అంటుకొని దాని ఆకృతిని మార్చును. పట్టు సడలి అది తొలగిపోవును. ఐనను జన్యువు పూర్తిగా మేల్కొనుటకు ఇది చాలదు. గ్లూకోజ్ తరిగినపుడు కణములో పెరుగు ఒక చిన్న సంకేతాణువు మఱియొక ప్రోటీన్‌తో కూడి జన్యువును ప్రోత్సహింపవలెను. గ్లూకోజ్ సమృద్ధిగా నున్నపుడు ఆ ప్రోత్సాహము దొరకదు, అంతియేగాక లాక్టోజ్ లోనికి వచ్చు మార్గము కూడ అణగియుండును. లాక్టోజ్ ఉండవలెను, గ్లూకోజ్ ఉండరాదు. ఈ రెండు షరతులును ఏకకాలమున నెరవేరినపుడే ఆజ్ఞ వెలువడును. కంప్యూటర్ నిర్మాతలు తర్కద్వారమని పిలుచు ఉపకరణము చేయు పని యిదియే.

దీనిని గణనమనుట కేవలము అలంకారమని, రసాయన ప్రక్రియకు గొప్ప పేరు పెట్టుటయని కొందఱు ఆక్షేపింతురు. ఆ ఆక్షేపణకు మొనోయే సమాధానము చూపెను, అది నాకు మిక్కిలి ప్రియమైన సమాధానము. ఐ.పి.టి.జి. అను కృత్రిమ పదార్థము కలదు. అది లాక్టోజ్ వలె నిరోధకమునకు అంటుకొని జన్యువును మేల్కొలుపును గాని, పుట్టిన ఎంజైమ్ దానిని ఛేదింపజాలదు, కణమునకు దానివలన పిడికెడు ఆహారమైనను లభింపదు. అనగా సంకేతమునకును, ఆ సంకేతము వలన జరుగు పనికిని రసాయనికమైన అనివార్య సంబంధమేదియు లేదు. ఆ రెండింటిని కలుపునది పరిణామక్రమమున ఏర్పడిన ఒక ఒప్పందము మాత్రమే. అక్షరమునకును అది సూచించు ధ్వనికిని గల సంబంధము వంటిదే యిది. సంకేతము యాదృచ్ఛికమైనది గనుకనే ఏ సంకేతమునైనను ఏ జన్యువుతోనైనను జోడింపవచ్చును. జోడింపవచ్చును గనుకనే ప్రకృతి కోట్ల సంవత్సరములుగా కొత్త కొత్త జోడింపులను ప్రయత్నించినది. మనుజుడును ఆ పనికి పూనుకొనగలిగెను.

గణనమునకు స్మృతి కూడ కావలయును, అదియు కణమునందు కలదు. 1957లో ఏరన్ నోవిక్, మిల్టన్ వైనర్ అనువారు ఈ.కోలైకి లాక్టోజ్‌ను పోలిన సంకేతమును అత్యల్పమాత్రలో నిచ్చి చూడగా, కణములన్నియు కొద్దికొద్దిగా మేల్కొనుటకు బదులు, కొన్ని పూర్తిగా మేల్కొనియు, తక్కినవి పూర్తిగా నిద్రించియు కనబడెను. మేల్కొన్న కణము సంకేతమును లోనికి తెచ్చు ప్రోటీన్‌ను గూడ నిర్మించుకొనును; దానివలన మఱింత సంకేతము లోనికి వచ్చును; కావున ఒకసారి మేల్కొన్నది మేల్కొనియే యుండును, దాని సంతానమును అట్లే యుండును. ఒకే పాత్రలో, ఒకే డి.ఎన్.ఏ. గల తోబుట్టువులు, గతానుభవభేదము చేత భిన్నముగా ప్రవర్తించుచున్నవి. మొట్టమొదట మేలుకొలుపునది మాత్రము కేవలము యాదృచ్ఛిక సంఘటనము: నిరోధకము డి.ఎన్.ఏ.నుండి క్షణకాలము సంపూర్ణముగా ఊడిపోవు అరుదైన ఘటన ఒక్కటి జరిగినచో చాలునని 2008లో హార్వర్డ్‌లో సన్నీ షీ బృందము కనుగొనెను. ఒక్క అణువు తన తావును విడచుటచే ఒక వంశము యొక్క నడవడి మారుట ఎంతటి యాశ్చర్యము!

ఇంతకంటె సూక్ష్మమైన గణనము ఈ.కోలై ఈదుటలో నున్నది. అది సెకండుకు ఇరువది ముప్పది మైక్రానుల వేగమున ఒక సెకను సేపు తిన్నగా ఈది, ఆగి, పిల్లిమొగ్గ వైచి, ఏదో యొక దిక్కునకు తిరిగి మరల ఈదును. ఆహారము హెచ్చుగా నున్న దిక్కునకు పోవునపుడు పిల్లిమొగ్గలు తగ్గును; అందుచేత మొత్తముమీద అది ఆహారమువైపునకే చేరును. కణపు రెండు కొనల నడుమ ఆహారపు గాఢతలో నుండు భేదము అత్యల్పము గనుక, దిక్కును స్థలములో పోల్చి తెలిసికొనుట దానికి కష్టసాధ్యము. చీకటిలో మొగలిపూవుల వాసన ఎటనుండి వచ్చుచున్నదో తెలియగోరినవాడు నాలుగడుగులు వేసి, ఇంతకుముందటికంటె వాసన హెచ్చినదా తగ్గినదా యని తనలో పోల్చుకొనినట్లు, బాక్టీరియము కూడ ఇప్పటి గాఢతను కొన్ని సెకండుల క్రిందటి గాఢతతో పోల్చుకొనును. 1972లో కాలిఫోర్నియాలో మాక్‌నాబ్, కోష్‌లాండ్ అనువారు ఈ.కోలైకి చుట్టమగు సాల్మొనెల్లా బాక్టీరియాలను అంతటను సమగాఢత గల ద్రవములోనికి హఠాత్తుగా మార్చి దీనిని నిరూపించిరి: ఏ దిక్కునను భేదము లేకపోయినను, మునుపటికంటె ఆహారము హెచ్చినంతమాత్రమున అవి పిల్లిమొగ్గలు మాని తిన్నగా ఈదెను. ఆ స్వల్పస్మృతి వ్రాయబడియుండునది కణపు ఉపరితలమునందలి గ్రాహక ప్రోటీన్లపైననే. ఒక ఎంజైమ్ వానికి మిథైల్ గుచ్ఛములను తగిలించుచుండును, మఱియొకటి ఊడదీయుచుండును. ఈ పని మెల్లగా జరుగును గనుక, గుచ్ఛముల సంఖ్య ఎప్పుడును కొంచెము వెనుకటి కాలమునే తెలుపుచుండును.

ఈ యంత్రములోని ప్రోటీన్ల పరిమాణము కణమునకు కణమునకు మారుచుండగా, పోలిక మాత్రము చెడకుండుటకు కారణమేమని భౌతికశాస్త్రజ్ఞుడైన స్తానిస్లాస్ లీబ్లెర్, నామా బర్కాయ్‌తో కలిసి ఆలోచించి, 1997లో ఆ స్థైర్యము భాగముల పరిమాణములో గాక వాని అమరికయందే యున్నదని ప్రతిపాదించెను. రెండేండ్లకు ఊరి ఆలోన్ ప్రభృతులు ఆ ప్రోటీన్ల మోతాదులను బుద్ధిపూర్వకముగా మార్చి చూచి, ఆ ప్రతిపాదనము సత్యమని చూపిరి. ఆ లీబ్లెరే, ప్రిన్స్‌టన్‌లో తన శిష్యుడగు మైఖేల్ ఎలోవిట్జ్‌తో కలిసి, విడదీసి చూచుటతో తృప్తిపడక, కణములో లేనిదానిని క్రొత్తగా కూర్చి చూడవలెనని సంకల్పించెను. 2000 జనవరిలో ‘నేచర్’ పత్రికయొక్క ఒకే సంచికలో రెండు వ్యాసములు వెలువడెను. మొదటిది బోస్టన్ విశ్వవిద్యాలయమునందలి గార్డ్‌నర్, కాంటర్, కాలిన్స్ అనువారిది: పరస్పరము అణచుకొను రెండు నిరోధకములను కూర్చగా, ఏది పైచేయియైన అదియే నిలిచియుండును, ఐ.పి.టి.జి. నిచ్చి ఒకవైపునకు త్రిప్పి, దానిని తీసివైచినను కణము ఆ స్థితిలోనే యుండును, వేడిమిచే రెండవవైపునకు త్రిప్పవచ్చును. జాకోబ్ పరిశోధించిన లాంబ్డా వైరస్ నిద్రకును మేల్కొనుటకును నడుమ మారు విధానమునకు ఇది దగ్గఱి చుట్టము.

రెండవది ఎలోవిట్జ్, లీబ్లెర్‌ల గడియారము. లాక్టోజ్ జన్యువును అణచు లాక్ నిరోధకము, మున్ముందు చెప్పబోవు టెట్ నిరోధకమును, టెట్ లాంబ్డా నిరోధకమును, లాంబ్డా తిరిగి లాక్‌ను అణచునట్లు మూడింటిని వలయముగా కూర్చి, ఒకదానికి జెల్లీచేపనుండి తెచ్చిన ఆకుపచ్చ వెలుగునిచ్చు ప్రోటీన్‌ను ముడివేయగా, బాక్టీరియాలు సుమారు 150 నిమిషముల కొకమారు వెలుగుచు మలుగుచు నుండెను. కణము ఈలోపల రెండు మూడు మార్లు విభజన చెందును. అయినను గడియారము తల్లినుండి బిడ్డకు సాగుచుండెను. ఇది యెంత ఘనకార్యమో, దాని లోపమును అంత బోధకమైనది. కొన్ని కణములలోనే అది నడచెను. నడచినవానిలోను అక్కచెల్లెండ్ర గడియారములు కొలదికాలమునకే ఒకదాని నొకటి తప్పెను. మూడు జన్యువుల గణితము కాగితముపై క్రమముగా ఊగగా, కణములో తడబడుటకు హేతువేమి?

పరిమాణముల స్వల్పతయే హేతువు. పది అణువులతో నడచు వ్యవహారములో ఒకటి హెచ్చినను తగ్గినను పదవవంతు తేడా వచ్చును. 2002లో ఎలోవిట్జ్ ప్రభృతులు ఒకే కణములో, ఒకే విధమైన ఆజ్ఞకు లోబడిన రెండు జన్యువులను, వేఱువేఱు వర్ణములలో వెలుగునట్లు నిలిపి చూచిరి. కణపు పరిసరములే ఆ చాంచల్యమునకు కారణమైనచో రెండు వర్ణములును కలిసి హెచ్చి కలిసి తగ్గవలెను. కాని ఒక కణమున ఒక వర్ణము, మఱియొక కణమున రెండవ వర్ణము ప్రబలియుండెను. అణువులు తారసపడుటయందే యాదృచ్ఛికత కలదని దీనిచే తేటపడినది. 2016లో హార్వర్డ్‌లోని యోహన్ పాల్సన్ బృందము ఆ గడియారమునే మరల చేపట్టి, అనవసరముగా చాంచల్యమును పెంచుచున్న భాగములను తొలగింపగా, అది అనేక తరములు తప్పకుండ నడచినది. మొదటి గడియారమునకును దీనికిని నడుమ పదునాఱేండ్లు గడచెను. ఆ కాలమున శాస్త్రజ్ఞులు క్రొత్తగా సంపాదించినది అవగాహనమే.

ఇక తంత్రుల సమస్య. కంప్యూటర్‌లో ఒకే విధమైన విద్యుత్తు అన్ని తంత్రులలోను ప్రవహించినను చిక్కు లేదు, ఏలనన తంత్రులు విడివిడిగా నుండును. కణములో తంత్రులు లేవు. అణువులన్నియు ఒకే ద్రవములో తిరుగాడుచుండును. కావున ప్రతి సంకేతమునకును తక్కినవానితో పొరబడని వేఱొక అణువు కావలెను. ఇచ్చట టెట్ నిరోధకమును గూర్చి కొంత చెప్పక ముందునకు పోజాలను. 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలనుండి బెంజమిన్ డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ లోకమునకు అందెను. టెట్రాసైక్లిన్ వర్గమునకు చెందిన ఔషధములలో అదియే ప్రథమము. ఆనాడు ఆ సంస్థలో పరిశోధనల కధిపతి భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. ఈ ఔషధమును వెలికి నెట్టివేయు పంపు కొన్ని బాక్టీరియాలకు కలదు. ఆ పంపు అధికమైనచో కణమునకే హాని గనుక, మందు లేనప్పుడు దాని జన్యువును మూసియుంచి, మందు తగిలిన తక్షణము తెరచు కాపరియే టెట్ నిరోధకము. ఔషధమునకు ఎదురొడ్డి నిలుచుటకు బాక్టీరియము దాచుకొన్న ఆ కాపరి, నేడు కణములను ప్రోగ్రామ్ చేయువారికి నిత్యోపయోగమైన పరికరమైనది. క్రిస్టఫర్ వాయిట్ బృందము వివిధ సూక్ష్మజీవులనుండి దాని జ్ఞాతులను సేకరించి, ఒకదాని తావును మఱియొకటి ముట్టనివానిని ఏరి, వానితో తర్కద్వారములను నిర్మించెను. 2016లో వారు ప్రకటించిన ‘సెల్లో’ అను సాధనమునకు, ఎలక్ట్రానిక్ ఇంజినీర్లు వాడు వెరిలాగ్ భాషలో మనకు కావలసిన తర్కమును వ్రాసి యిచ్చినచో, అది తగిన డి.ఎన్.ఏ. వరుసను తానే రచించి యిచ్చును. అట్లు రచించిన 60 వలయములలో 45 అన్ని పరిస్థితులలోను అనుకొన్నట్లే పనిచేసెను.

ఐనను కంప్యూటర్‌కు లేని గుణమొకటి కణమునకు కలదు: అది ఆకలిగొనును, సంతతిని కనును. ప్రోటీన్‌లో ఒక్కొక్క అమైనో ఆమ్లమును చేర్చుటకు ఏ.టి.పి. వంటి శక్తిమంతమైన అణువుల బంధములు సుమారు నాలుగు వ్యయమగును. 360 అమైనో ఆమ్లములు గల లాక్ నిరోధకపు గొలుసు ఒక్కటి కూర్చుటకు 1,400 బంధములు పైగా కావలెను. ఆ ఏ.టి.పి.ని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనుగొన్నవారును సుబ్బారావుగారే. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమాన్ స్వతంత్రముగా కనుగొనెను. మనము వ్రాసిన ప్రతి వాక్యమునకును కణము ఈ నాణెముతోనే మూల్యము చెల్లించును. ఉదాహరణకు, ప్రోగ్రామ్ భారమును మోయు కణము 30 నిమిషముల కొకసారి విభజన చెందుచుండగా, ఏదో యొక అక్షరదోషమువలన ఆ భారము వదలిన కణము 25 నిమిషములకే విభజన చెందునను కొందము. ఒక్క దినము గడచునప్పటికి భారము వదలినదాని సంతతి రెండవదానికి సాటిగా 770 రెట్లకు పైగా పెరుగును. మన ప్రోగ్రామ్‌ను చెరపివేయుటకు ఏ శత్రువును రానక్కఱలేదు, జీవపరిణామమే చాలును. ప్రయోగశాలలో అద్భుతముగా పనిచేసిన వలయములు పెద్ద పాత్రలలోనికి పోగానే నశించుటకు ముఖ్యకారణములలో ఇది యొకటి.

కావున ఏ ప్రోగ్రామ్ నిలుచునో పరిశీలించుట ఆవశ్యకము. హార్వర్డ్‌లో పమేలా సిల్వర్ బృందము 2014లో, లాంబ్డా వైరస్ స్వాభావికముగా వాడు మీటనే ఈ.కోలై డి.ఎన్.ఏ.లో అమర్చి, ఎలుక ప్రేగులలోనికి పంపెను. టెట్రాసైక్లిన్ జాతి పదార్థము తగిలినచో ఆ మీట తిరిగి, తిరిగినట్లే యుండిపోవును. మలమును పరీక్షించి ఆ జ్ఞాపకమును చదువవచ్చును. 2017లో ఆ బృందమే, ప్రేగులలో శోథ కలిగినపుడు పుట్టు రసాయనమును గుర్తించి జ్ఞాపకముంచుకొను బాక్టీరియాలను నిర్మింపగా, అవి ఆఱు నెలలపాటు ఎలుకల ప్రేగులలో నిలిచి తమ పని చేసినవి. అవి అంతకాలము నిలుచుటకు కారణము, అతిథేయ కణముపై స్వల్పభారమే మోపు, ప్రకృతిలోనే పరీక్షకు నిలిచిన మీటను తీసికొనుటయే యని నా యభిప్రాయము. వైద్యమున ఇట్టి తర్కము మనుష్యకణములకును ప్రాకుచున్నది. రెండు వేర్వేరు గుర్తులు కలిసి కనబడినపుడే కాన్సర్ కణముపైకి దుముకునట్లు తెల్లకణములకు నేర్పు ప్రయోగములను 2016లో వెండెల్ లిమ్ బృందము ఎలుకలయందు చేసి చూపెను. సెకండులో కోట్ల లెక్కలు కట్టు సిలికాన్‌తో కణము ఎన్నడును పోటీపడజాలదు, దాని ఒక్క తర్కద్వారము మారుటకే పదుల నిమిషములు పట్టును. కాని ప్రేగులోపల, గడ్డలోపల, వేరుమొదట నిలిచి లెక్కింపగలది అది యొక్కటియే.

ఈ శాస్త్రమును నిర్మించినవారిని తలచుకొనగా నాకు మన పిల్లలు గుర్తునకు వచ్చుచున్నారు. లీబ్లెర్ భౌతికశాస్త్రజ్ఞుడు, ఎలోవిట్జ్ భౌతికశాస్త్రమున డాక్టరేట్ పొందినవాడు, ఈ రంగమునకు భాగములను ప్రమాణీకరింప పూనుకొన్న టామ్ నైట్ కంప్యూటర్ ఇంజినీరు, జాకోబ్ వైద్యుడు, మొనో జీవశాస్త్రజ్ఞుడు. మన రెండు తెలుగు రాష్ట్రములలో మాత్రము పదవతరగతి ముగియగానే, విజ్ఞానశాస్త్రములు చదువగోరు పదునైదు పదునాఱేండ్ల బాలబాలికలలో పెక్కుమందిని ఎం.పి.సి. అనియు బై.పి.సి. అనియు చిరకాలముగా రెండు త్రోవలకు విడదీయుచున్నాము. గణితము చదివినవారికి కణము తెలియదు, కణము చదివినవారికి గణితము తెలియదు. ఇంజినీరింగు ప్రవేశపరీక్షకును వైద్య ప్రవేశపరీక్షకును సిద్ధపరచు అధ్యాపకులారా, తల్లిదండ్రులారా, ఏ త్రోవను ఎన్నుకొన్న బిడ్డకైనను రెండవ త్రోవలోని ఒక్క పుస్తకమునైనను చేతికందింపుడు. బై.పి.సి. విద్యార్థికి సంభావ్యతాగణితమును, ఎం.పి.సి. విద్యార్థికి లాక్టోజ్ జన్యువు కథను చెప్పుడు. ఈ సంవత్సరమే చెప్పుడు.